నడి కాలువలో ఎర్రబట్ట

సుందరమ్మను నేను మొదట చూసింది సూర్యాపేటలో, ఆడపిల్లల హాస్టల్ వంటగదిలో. తొంభై రెండులో నేను అక్కడికి వార్డెన్‌గా వచ్చేసరికి ఆమె వంటామె. మనిషి పొట్టి. నుదుట పెద్ద బొట్టు, జుట్టు అప్పటికే సగం నెరిసింది. పిల్లలను అన్నానికి పిలిస్తే ఆ పిలుపు మేడ మీద చివరి గదిలో దుప్పటి కప్పుకుని చదివే పిల్లకు కూడా పక్కన నిలబడి పిలిచినట్టు వినబడేది. అరుపు కాదు, గొంతు పెంచినట్టు కూడా ఉండదు. ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే, మైకులు లేని ఊళ్లల్ల వేషం కట్టిన గొంతు మేడం ఇది అంది.

అట్లా మొదలై, సాయంత్రాలు బియ్యంలో రాళ్లు ఏరుతూ, గోంగూర తుంచుతూ తన బతుకు చెప్పుకుంటూ వచ్చింది. ఒక వరసలో చెప్పలేదు. ఒకరోజు చెప్పి పది రోజులు ఊరుకునేది. నేనే ఒకచోటికి చేర్చుకున్నాను. ఆఖరున జరిగింది మాత్రం ఆమె పక్కన ఉండి చూశాను.

ఆమెది తుంగతుర్తి దిక్కు పల్లె. తండ్రి బాగోతాల్లో మద్దెల వాయించేవాడు. ఊహ తెలిసేసరికే ఆమె ముఖానికి రంగు పడింది. హార్మోనియం వాయించే శంకరయ్యను పెళ్లి చేసుకుని సూర్యాపేటలో కాపురం పెట్టింది. ఎనభైల మొదట్లో కోదాడ, హుజూర్‌నగర్ దిక్కు ఊళ్లల్లో కోతలు కాగానే రైతులే నాటకం నేర్చుకుని ఆడేవాళ్లు. మగవేషాలు వాళ్లే వేసుకునేవాళ్లు. ఆడవేషాలకు మాత్రం పేట నుంచి ఆర్టిస్టులను పిలిపించుకునేవాళ్లు. పొట్టి మనిషి కాబట్టి సుందరమ్మకు రాణి వేషాలు ఇచ్చేవాళ్లు కాదు. ఆమెకు వచ్చినవన్నీ చచ్చిపోయే వేషాలు. అత్త విషం పెట్టిన కోడలు, వరదలో కొట్టుకుపోయిన చెల్లెలు, రాజుకు అడ్డుపడి కత్తిపోటు తిన్న దాసి. ఆ చావుల్లోనే ఆమెకు పేరొచ్చింది. నాటకం ఖాయం చేసుకోవడానికి వచ్చినవాళ్లు, మాకు సచ్చే సుందరమ్మే కావాలె అని అడిగేవాళ్లట.

స్టేజీ మీద చావు గురించి చెప్పేటప్పుడు ఆమె ముఖం వెలిగేది. ముందు చాపల మీద కూర్చున్నవాళ్లకు శవం పొట్ట పైకి కిందికి కదలడం కనబడుతుంది. ముక్కు మీద ఈగ వాలితే ముక్కు అదురుతుంది. అది అందరూ చూస్తారు, అయినా ఏడుస్తారు. బాగా నచ్చితే వన్స్‌మోర్ అంటారు. అప్పుడు చచ్చిన మనిషి లేచి, చీర సర్దుకుని, శంకరయ్య మళ్లీ శ్రుతి అందిస్తే ఆఖరి పద్యం మళ్లీ పాడి మళ్లీ చచ్చిపోవాలి. ఒక ఊళ్లో ఒక్క రాత్రే ఆమె నాలుగుసార్లు చచ్చిందట. తెల్లారేటప్పుడు మంగళం పాడడానికి చంపినవాడూ, చచ్చినామె కూడా పక్కపక్కన నిలబడాలి. చచ్చినవాళ్లు మంగళంలో కనబడకపోతే ఊరికి మంచిది కాదని పాతవాళ్లు అనేవాళ్లు. ఆ తర్వాత ఎవరో ఒకరి ఇంట్లో చాయ్ తాగి, రాత్రి తన కోసం ఏడ్చిన ఆడవాళ్లతోనే ముచ్చట పెట్టి, పొద్దుటి బస్సెక్కేది.

ఎనభై ఐదులో వానలు పడి సాగర్ ఎడమ కాలువ నిండుగా పారుతున్న రోజుల్లో మిర్యాలగూడ దగ్గర ఒక సినిమా కంపెనీ దిగింది. రైసు మిల్లులకు లారీలు కుదిర్చే కాశీరాం అనే ఆయన వాళ్లకు బండ్లూ మనుషులనూ చూసిపెట్టాడు. ఆయనకు నాటకాల పిచ్చి. నీళ్లలో పడి చచ్చిపోయే ఆడమనిషి వేషం ఒకటుంది, ఇక్కడి మనిషే కావాలి అని కంపెనీవాళ్లు అడిగితే, ఆయనకు వెంటనే సుందరమ్మ గుర్తొచ్చింది.

శంకరయ్యకు ఇష్టం లేదు. సినిమా హాళ్లు పెరిగి నాటకాలు తగ్గుతున్నాయని ఆయనకు అప్పటికే మనసులో మంట. సుందరమ్మకు మాత్రం తన ముఖం తెర మీద ఎట్లా ఉంటుందో చూసుకోవాలని ఆశ. మొగుడిని ఒప్పించి ఒక్కతే వెళ్లింది.

మొదటి రోజే చావు పెట్టారు. అదే ఆమెకు వింత. నాటకంలో ముందు బతికి, నవ్వి, కష్టపడి, తర్వాత చస్తారు. ఆ మనిషి ఎవరో, ఎందుకు చచ్చిందో కూడా ఎవరూ చెప్పలేదు. ఆకుపచ్చ చీర ఇచ్చి కట్టుకోమన్నారు. కట్టుకుని కాలువ మెట్ల దగ్గరికి వస్తుంటే మేనేజరు వంతెన మీదినుంచి దిగి వచ్చి, చీర మార్చండి, ఎరుపు కావాలి అన్నాడు. ఎందుకని ఎవరూ అడగలేదు. ఒక ఎర్రచీర వెతికి తెచ్చి కట్టించారు. మెట్ల పక్కన మోకాలి లోతు నీళ్లలో పడుకోబెట్టి, కళ్లు తెరిచే ఉంచమన్నారు. కెమెరా జానెడు దూరంలోకి వచ్చింది. ఊపిరి తీయొద్దన్నారు. తీసింది కనబడితే మళ్లీ మొదటికొచ్చేవాళ్లు. పొద్దంతా అట్లా ఊపిరి బిగబట్టి, వదిలి, బిగబట్టి, సాయంత్రానికి తన ఊపిరి తన మాట వినడం మానేసిందని చెప్పింది.

మర్నాడు గట్టు మీద నడుస్తూ నవ్వమన్నారు. నిన్న చచ్చినదానికి ఇవాళ నవ్వు ఎట్లా వస్తుందని అడిగితే అందరూ నవ్వారట. అయిపోయాక లైట్లు సర్దుకుని బండ్లెక్కి వెళ్లిపోయారు. ఎవరూ మంగళం పాడలేదు. ఆ మాట ఆమె తనలో తనే అనుకుని బస్సెక్కింది.

మరుసటి ఎండాకాలం సినిమా వచ్చింది. సూర్యాపేటలో మొదటి రోజు మార్నింగ్ షోకి శంకరయ్య, వాడకట్టు ఆడవాళ్లు అందరూ కలిసి వెళ్లారు. నవ్వే చోట వాడకట్టంతా ఈల వేసింది. కానీ తెర మీది సుందరమ్మ నోరు తెరిస్తే ఎవరిదో సన్నని గొంతు వచ్చింది. పక్కన కూర్చున్న మొగుడి చెయ్యి పట్టుకుందట ఆమె. తర్వాత కాలువ వచ్చింది. ఆ వెంటనే ఆమె ముఖం, గోడంత పెద్దగా, నీళ్లలో, కళ్లు తెరుచుకుని. కనురెప్ప కదలలేదు. ఊపిరి లేదు. హాల్లో ఒక్కరు కిక్కురుమనలేదు. ఎవరూ ఏడవలేదు. ఏడుపు రాకముందే వేరే పాట మొదలైంది.

బయటికొస్తే ఎండ మండుతోంది. వాడకట్టు ఆడవాళ్లు ఆమెకు రెండడుగుల ముందు నడిచారు. ఆ రోజునుంచి బోరింగు దగ్గరికి ఆమె బిందె పట్టుకుని వస్తే మాటలు ఆగిపోయేవి. పక్కింటి ముసలామె వచ్చి, కోడలు నీళ్లోసుకుంది, జర పొద్దుగాల ఎదురు రాకు బిడ్డా అని బతిమాలినట్టు చెప్పింది. స్టేజీ మీద ఆమె చావును ఎన్నోసార్లు చూసిన మనిషే ఆ ముసలామె. అప్పట్లో నాటకం అయ్యాక పిలిచి బువ్వ పెట్టేది. శంకరయ్య నవ్వేసి, నాటకంలో నువ్వు లేసింది చూసిన్రు, సినిమాల లేసింది ఎవరు చూసిన్రు అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ ఆ రాత్రి తానూ అటు తిరిగి పడుకున్నాడట.

సినిమా మిర్యాలగూడలో ఆడి, అక్కడినుంచి కోదాడకు పోయింది. కోదాడ హాల్లో గేటు దగ్గర టికెట్లు చించే యేసయ్య ఒకప్పుడు ఆమెతో కలిసి వేషాలు కట్టినవాడు. బస్సు కండక్టరుతో కబురు పంపాడు. ఒక లంబాడీ ముసలామె రోజూ మ్యాట్నీకి వస్తున్నది, సుందరమ్మ చచ్చే చోటు వరకు చూసి లేచి వెళ్లిపోతున్నది, నాకెందుకో భయంగా ఉంది, ఒకసారి రమ్మను అని.

సుందరమ్మ వెళ్లింది. గేటు దగ్గర యేసయ్య మెల్లగా చెప్పాడు. "ఆమె పేరు చాందీ అంట. మిర్యాలగూడలో ఆడినన్నాళ్లూ అక్కడే చూసిందంట. సినిమా ఇటొస్తే తానూ ఇటొచ్చి ఇక్కడి తండాలో చుట్టాలింట్లో ఉంటంది. ఎందుకమ్మా అని అడిగితే, నా బిడ్డను చూడ్డానికి అంటంది."

మధ్యాహ్నం ఆటకు జనం పలచగా ఉన్నారు. చాందీ బెంచీల వరుసలో చివరన కూర్చుని ఉంది. చేతులకు మోచేతి పైదాకా తెల్లగాజులు, ముఖమంతా ముడతలు. సుందరమ్మ పక్కన కూర్చుంది. తెర మీద తాను నవ్వుతూ నడిచింది. చాందీ అటు చూడలేదు, కొంగుకు కట్టుకున్న పుట్నాలు తింటోంది. ఈమె బిడ్డ అనుకుంటున్నది నన్ను కాదా అని సుందరమ్మకు అనుమానం వచ్చింది.

కాలువ వచ్చేముందు చాందీ పుట్నాల మూట మూసి ముందుకు వంగింది. వంతెన మీదినుంచి తీసిన దృశ్యం అది. వెడల్పుగా కాలువ, రెండు గట్లు, నడి నీళ్లలో చిన్నగా ఎర్రబట్ట తేలుతూ వస్తోంది. నీళ్లు దాన్ని ఒకసారి మెల్లగా తిప్పాయి. ఎండ పడి ఆ ఎరుపులో ఏవో తళుక్కుమన్నాయి. అది వంతెన కిందికి వెళ్లిపోగానే సుందరమ్మ ముఖం గోడంత వచ్చింది. చాందీ అప్పటికే లేచి నిలబడింది.

సుందరమ్మ మాత్రం లేవలేకపోయింది. మొదటిసారి చూసినప్పుడు తన ముఖం కోసమే ఎదురు చూస్తూ ఆ ముందరి దృశ్యాన్ని పట్టించుకోలేదు. ఇప్పుడు చూసింది. ఆ పొద్దంతా ఆమె మెట్ల పక్కన మోకాలి లోతులోనే ఉంది. నడి కాలువలోకి ఎవరూ దింపలేదు. ఆమెకు ఈత రాదు. ఆమె కట్టిన ఎర్రచీర సాదాది, మెరిసేది ఏదీ దాని మీద లేదు.

బయట హాలు గోడ నీడలో చాందీ కూర్చుని చుట్ట ముట్టించింది. సుందరమ్మ ఎదురుగా కూర్చుని, సినిమాలో ఆ నీళ్లలో పడుకున్నది నేనే అవ్వా అని చెప్పింది. చాందీ ఆమె ముఖాన్ని ఒకసారి పరిశీలించి చూసింది.

"దగ్గరగ కనబడేది నువ్వే. నేను నీకోసం వస్తలేను. దూరంకెళ్లి తేలుకుంట వచ్చేది నా బిడ్డ, చిన్ని. అద్దాలు మెరిసినయి సూసినవా? ఆ గాగ్రాకు అద్దాలు నేనే కుట్టిన."

చాందీ నిదానంగా చెప్పింది. పోయిన వానాకాలం చిన్ని తెల్లవారుజామున బట్టలు ఉతకడానికి కాలువకు పోయింది. మళ్లీ రాలేదు. బట్టల మూట గట్టు మీదే ఉంది. వెతికారు, దొరకలేదు. తర్వాత ఎవరో లారీ డ్రైవర్‌తో పోయిందని పుకారు లేచింది. కొడుకు రూప్లా ఆ మాట నమ్మాడు. తలెత్తుకోలేక చెల్లెలి పేరు ఇంట్లో తియ్యొద్దన్నాడు. చావు కాదన్నారు కాబట్టి ఏడుపూ లేదు, మట్టీ లేదు. తండా ఆడవాళ్లు మన కాలువ సినిమాల పడ్డదంట అని తీసుకుపోతే, చాందీ హాల్లో బిడ్డను చూసింది. చెబితే ముసలిదానికి మతి పోయిందన్నారు.

"రోజు ఒకసారి అట్ల పోతది నా ముందల్నుంచి," అంది చాందీ. "ఆగు అంటే ఆగదు."

సుందరమ్మ పేటకు పోలేదు. అటునుంచి అటే మిర్యాలగూడ బస్సెక్కి కాశీరాం ఇంటికి వెళ్లింది. ఆయన మొదట నవ్వి, అది బొమ్మ సుందరమ్మా, గడ్డి కుక్కి చేసిన బొమ్మ అన్నాడు. బొమ్మకు ఏం చీర కట్టారని ఆమె అడిగింది. ఆయన భార్యను లోపలికి పొమ్మని, తలుపు దగ్గరికి వేసి వచ్చాడు.

"ఆకుపచ్చ చీర," అన్నాడు. "నీకు ముందు ఇచ్చినటువంటిదే. పొద్దుగాల నువ్వు రాకముందే వంతెన మీద కెమెరా పెట్టిన్రు. బొమ్మను పైనుంచి వదలమని ఇద్దరు మనుషులను పంపిన్రు. జరసేపటికి నీళ్లమీద ఏదో వస్తున్నది. కెమెరా ఆయన తిప్పిండు. మంచిగొచ్చింది అన్నరు. అది వంతెన కిందికెళ్లి పోయింది. గప్పుడు ఆ ఇద్దరు గట్టు మీదికెళ్లి నడుసుకుంట వచ్చిన్రు. బొమ్మ వాళ్ల భుజం మీదనే ఉంది. నీళ్లు జోరుగ ఉన్నయి, దిగబుద్ది కాలేదన్నరు."

ఎవరూ నోరు తెరవలేదట. పోలీసులు, పంచనామా అంటే షూటింగు ఆగిపోతుందని మేనేజరు అందరి ముఖాలూ ఒకసారి చూసి, ఆమెకు ఎర్రచీర కట్టించమన్నాడు. కాశీరాం ఆ తర్వాత ఆ సినిమా చూడలేదు. ఎవరికీ చెప్పొద్దని సుందరమ్మ చేతులు పట్టుకున్నాడు. చెప్తాను, నువ్వూ వచ్చి చెప్పాలె అంది ఆమె. ఆయన ఆ రాత్రంతా ఆలోచించి పొద్దున బండి తీశాడు.

తండా కాలువకు దగ్గరలోనే ఉంది. రూప్లా పొలం నుంచి వచ్చి, గుమ్మంలో నిలబడి కాశీరాం చెప్పిందంతా విన్నాడు. విని ఇంటి వెనక్కి వెళ్లాడు. అక్కడ గోడకు తల ఆనించి నిలబడ్డాడు. చెల్లెలి పేరు పెట్టి పిలవడం అప్పుడు వినబడిందట, చాలాసేపు. కోదాడనుంచి చాందీని పిలిపించారు. ఆమె ఆశ్చర్యపోలేదు. నేను చెప్తనే ఉన్న కద అంది.

మనిషి దొరకనప్పుడు గడ్డితో మనిషిని చేసి కర్మ జరిపిస్తారని తండా పెద్ద చెప్పాడు. చాందీ ఒప్పుకోలేదు.

"బొమ్మ వద్దు. సినిమోళ్లు నా బిడ్డను బొమ్మ అనుకున్నరు. నేను బొమ్మను పట్టుకొని ఏడ్వను," అంది. తర్వాత సుందరమ్మ వైపు తిరిగింది. "నువ్వు పండుకో బిడ్డా. ఒక్కపూట. నీకు ఆ పని తెలుసు."

సుందరమ్మ ఇంటికి పోయి శంకరయ్యకు చెప్పింది. ఆయన ఎన్నడూ లేనంత గట్టిగా వద్దన్నాడు. సచ్చినట్టు చేసుడు ఆట, సచ్చిన మనిషి పేరు మీద పండుకునుడు ఆట కాదు అన్నాడు. ఆమెకూ భయమే. కానీ ఆ ఎర్రబట్ట వెనకనే తన ముఖం అతికించి ఉంది. ఊళ్లూళ్లా, రోజూ మూడు ఆటలు, ఆ పిల్ల చావుకు తన ముఖం పెట్టి చూపిస్తున్నారు. వెళ్లకపోతే ఇగ నిద్ర పట్టదని చెప్పి వెళ్లిపోయింది.

పొద్దున పదింటి ఎండలో తండా ముందు చాప వేసి పడుకోబెట్టారు. ఆమె చీర మీదనే చిన్ని రెండో గాగ్రా తొడిగారు, అదే ఎర్రబట్ట, అవే అద్దాలు. చాందీ పసుపు నీళ్లతో ఆమె ముఖం కడిగింది, పాదాలు కడిగింది, జుట్టు విప్పి నూనె రాసి మళ్లీ అల్లింది. అప్పటిదాకా సుందరమ్మ స్టేజీ మీద పడుకున్నట్టే పడుకుంది. ఊపిరి మెల్లగా తీస్తోంది. ముక్కు మీద ఈగ వాలితే తోలుకోవాలనిపించింది. ఆడవాళ్లు చుట్టూ కూర్చుని ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసి ఏడుపు ఎత్తుకున్నారు. వాళ్ల భాషలో పాటలాగ సాగే ఏడుపు అది. మాటలు ఆమెకు సగమే తెలిశాయి. పుట్టినప్పుడు వాన పడ్డదని, ఒక మేకపిల్లను పెంచుకున్నదని, బిందె ఎత్తుకుంటే నవ్వేదని.

చాప అంచులు పట్టి ఎత్తి కాలువ గట్టుకు మోసుకుపోయారు. పెళ్లికాని పిల్ల కాబట్టి మట్టిలో పెట్టాలి. ఆమె తల పక్కనే గుంత తవ్వడం మొదలుపెట్టారు. బట్టలు పట్టేంత గుంతే అని ముందే చెప్పారు. కానీ పార దిగే చప్పుడు నేలలోనుంచి ఆమె వీపుకు తెలుస్తోంది. తవ్వుతూనే ఉన్నారు. ఆ చప్పుడు వింటుండగా తన ఊపిరి ఎప్పుడు ఆగిందో ఆమెకు తెలియలేదు. నేను బిగబట్టలేదు మేడం, అదే ఆగింది అని నాకు చెప్పింది. ఏడుపులు దూరం జరిగాయి. కళ్లు మూసుకునే ఉంది కానీ పైన నీళ్లు కదులుతున్నట్టు, ఆ నీళ్ల మీద వంతెన నీడ తన మీదుగా దాటిపోతున్నట్టు కనబడింది. వంతెన మీద మనుషులు వరుసగా నిలబడి కిందికి చూస్తున్నారు. వాళ్లలో ఒక్కరూ ఏడవడం లేదు.

గాగ్రా విప్పి గుంతలో పెట్టి మట్టి కప్పారు. అయిపోయింది, లేవమ్మా అని తండా పెద్ద అన్నాడు. ఆమె లేవలేదు. ఎవరో భుజం పట్టి కుదిపారు. రూప్లా కాలువ నీళ్లు తెచ్చి ముఖాన చల్లబోతే చాందీ చెయ్యి అడ్డం పెట్టింది. వంగి, ఆమె చెవి దగ్గర నోరు పెట్టి మెల్లగా మాట్లాడింది.

"సుందరమ్మా, లే. నువ్వు నా బిడ్డవు కావు. శంకరయ్య ఎదురు సూస్తున్నడు. లే."

ఛాతీలో ఏదో తెగినట్టయి గాలి లోపలికి వచ్చింది. దగ్గుతూ లేచి కూర్చుంది. ఆడవాళ్లు దూరం జరిగారు. చాందీ ఒక్కతే ఆమె వీపు నిమిరింది.

చాందీ మళ్లీ సినిమా హాలు గడప తొక్కలేదు. రూప్లా తండాలో, మిల్లుల దగ్గర, లారీ అడ్డా దగ్గర ప్రతి ఒక్కడికీ చెప్పాడు, నా చెల్లె ఎవనితో పోలేదు, కాలువల పడి పోయింది అని. అడగనివాళ్లకు కూడా చెప్పేవాడట.

సుందరమ్మ మళ్లీ నాటకాలకు పోయింది. ఆ ఏడు హుజూర్‌నగర్ దారిలో ఒక ఊళ్లో కోడలి వేషం కట్టింది. విషం తాగి పడిపోయింది. జనం వన్స్‌మోర్ అన్నారు. శంకరయ్య శ్రుతి అందించాడు. ఆమె లేవలేదు. మళ్లీ అందించాడు. జనం అరుస్తూనే ఉన్నారు. అరుపులు ఆమెకు వినబడుతున్నాయి, కానీ దూరంగా, గట్టు మీదినుంచి వినబడినట్టు. శంకరయ్య హార్మోనియం వదిలి స్టేజీ మీదికి వచ్చి, పేరు పెట్టి పిలిచి లేపాడు. ఆ తర్వాత ఆమె ఎవరు అడిగినా చచ్చే వేషం కట్టలేదు. తల్లి వేషాలు, దాది వేషాలు కట్టింది. తొంభై వచ్చేసరికి ఊళ్లల్లో కోతలు కాగానే వీడియో తెచ్చి పెట్టుకోవడం మొదలైంది. నాటకం పిలుపులు ఆగిపోయాయి. శంకరయ్య చర్చిలల్లో, భజన మందిరాల్లో హార్మోనియాలు బాగుచేసుకుంటూ బతికాడు. ఆమె హాస్టల్లో చేరింది.

నేను అక్కడ ఉన్నన్నాళ్లూ ఒక సంగతి చూశాను. ఏటా వానాకాలంలో ఒక రోజు చాందీ మిర్యాలగూడ నుంచి బస్సులో వచ్చేది. రొట్టె నలిపి, బెల్లం, నెయ్యి కలిపిన ముద్ద మోదుగాకులో కట్టుకొచ్చేది. అది చిన్ని పేరు మీద పెట్టే ముద్ద. సుందరమ్మ వంటగది మెట్టు మీద కూర్చుని, పిల్లలెవరినీ రానీయకుండా, మొత్తం తినేది. చాందీ ఎదురుగా కూర్చుని చూసేది. ఒకసారి, చచ్చినవాళ్లకు పెట్టింది తినడానికి నీకు ఎట్లాగో అనిపించదా అని అడిగాను. మొదటి ముద్ద చన్నీళ్ల లెక్క ఉంటది మేడం, తర్వాత ఏం కాదు అంది.

తొంభై ఆరులో చాందీ పోయింది. రూప్లా స్వయంగా హాస్టల్‌కి వచ్చాడు. గేటు దగ్గరే నిలబడి, "యాడీ పోయింది. బిడ్డ రాకుంట ఎత్తరంట, రా," అన్నాడు. వాళ్ల భాషలో యాడీ అంటే తల్లి. సుందరమ్మ పొయ్యి మీద పప్పు దించి, చేతులు కడుక్కుని బయల్దేరింది. శంకరయ్యకు అప్పటికి కాళ్లు సరిగ్గా లేవు. ఆమెను ఒంటరిగా పంపబుద్ధి కాక నేనూ వెళ్లాను.

తండాలో మమ్మల్ని చూడగానే ఆడవాళ్లు దారి ఇచ్చారు. సుందరమ్మ పోయి చాందీ తల దగ్గర కూర్చుంది. బిడ్డలు కూర్చోవలసిన చోటు అది. అక్కడ కూర్చుని నోరు తెరిచింది. హాస్టల్లో పిల్లలను పిలిచే గొంతే. కానీ పాడింది వాళ్ల భాషలో, వాళ్ల ఏడుపే. ఎప్పుడు నేర్చుకుందో నాకు తెలియదు. ముసలాడవాళ్లు కొందరు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ మేకపిల్ల మాట, వాన మాట అందులో ఉన్నాయని నా పక్కనున్న కోడలుపిల్ల నాకు తెలుగులో చెప్పింది. ఇంట్లవాళ్లకు తప్ప తెలియని ఇంకొకటి కూడా పాడుతున్నది అని చెప్పి, అదేమిటో మాత్రం చెప్పలేదు.

ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి చుట్టూ కూర్చున్నారు. జాగ లేక నలుగురైదుగురు ఎండలోనే నిలబడ్డారు. సుందరమ్మకు కుడిపక్కన మాత్రం ఒక మనిషి పట్టేంత చోటు వదిలేశారు. నేను అక్కడ కూర్చుందామని అడుగు వేశాను. రూప్లా భార్య నా చెయ్యి పట్టుకుని, అది చిన్ని జాగ అని, ఇంకో వైపుకు తీసుకుపోయి కూర్చోబెట్టింది.